శుక్రవారం పద్దు: ఒక హత్య కథ తయారీ డైరీ

మారతహళ్లిలో మా అపార్ట్‌మెంటు తెలుగువాళ్లం అప్పుడప్పుడూ క్లబ్‌హౌస్‌లో కూర్చుని కథలు చదువుకుంటాం. ఉగాది సాయంత్రానికి ఒక కథ కావాలన్నారు. షరతులు మూడు: చదవడానికి ఇరవై నిమిషాలకు మించకూడదు, ఇంటి నాలుగు గోడల మధ్య జరిగిన హత్య గురించి ఉండాలి, హంతకురాలెవరో వినేవాళ్లకు మొదటే తెలిసిపోవాలి. మూడోది నా పట్టుదల. ఎవరు చంపారో దాచిపెట్టే కథలో ఐరనీకి, అంటే వినేవాళ్లకు తెలిసింది పాత్రలకు తెలియకపోవడంలోని వ్యంగ్యానికి, చోటు ఉండదు, అక్కడ ఉత్కంఠ ఒక్కటే పనిచేస్తుంది. ఇలాంటి కథ రాయాలనుకునేవాళ్లకు పనికొస్తుందని, ఏ చిత్తు ఎందుకు చెడిందో, ఏం మార్చామో ఇక్కడ రాసి పెడుతున్నాను.

దశ 1: పాత కథను విప్పి చూడటం

నమూనాగా రోల్డ్ డాల్ రాసిన 'ల్యాంబ్ టు ది స్లాటర్' తీసుకున్నాం. 1953లో అచ్చయిన కథ. ఆరు నెలల గర్భిణి మేరీ మలోనీ. భర్త పోలీసు డిటెక్టివ్. ఒక గురువారం సాయంత్రం ఇంటికొచ్చి, నిన్ను వదిలేస్తున్నానని చెబుతాడు. ఆమె ఫ్రీజర్‌లోంచి తీసుకొచ్చిన గొర్రె కాలుతో అతని తల వెనక కొడుతుంది. ఆ తర్వాత దాన్నే ఓవెన్‌లో పెట్టి, ఆయుధం కోసం ఇల్లంతా వెతుకుతున్న పోలీసులకు వడ్డిస్తుంది.

తెలుగు చేసి చదివేద్దామని ఒకరన్నారు. అది కుదరదు. డాల్ 1990లో చనిపోయాడు. మన చట్టంలో రచయిత పోయాక 60 ఏళ్లపాటు హక్కులుంటాయి, అనువాదం హక్కు కూడా అందులోదే. అందుకని కథను ముట్టుకోకుండా, దాని పనితనం మాత్రం నేర్చుకుందామనుకున్నాం.

చేసిన పని ఇది:

1. చార్టు పేపర్లు రెండు అంటించి పొడవైన పట్టీ చేశాం.
2. అడ్డంగా మూడు వరసలు గీశాం: వినేవాళ్లకు తెలిసింది, ఆమెకు తెలిసింది, పోలీసులకు తెలిసింది.
3. కథను పన్నెండు ముక్కలు చేసి, ప్రతి ముక్క కిందా ఎవరికేం తెలుసో పెన్సిల్‌తో రాశాం. పెన్నుతో రాయకండి, చాలాసార్లు చెరపాల్సి వస్తుంది.
4. మూడు వరసల్లో తేడా వచ్చిన ప్రతిచోటా ఎర్ర చుక్క పెట్టాం.

చుక్కలన్నీ హత్య తర్వాతే వస్తాయని అందరం అనుకున్నాం. పట్టీ వేరే సంగతి చెప్పింది. హత్యకు ముందు పేజీల్లో మేరీ చేసేదల్లా సేవే. కోటు అందుకోవడం, గ్లాసులో విస్కీ కలిపివ్వడం, చెప్పులు తేనా, జున్ను తేనా అని అడగడం. హత్య తర్వాత ఆమె చేసేవీ ఆ పనులే. ఓవెన్ చూసుకోవడం, బంగాళాదుంపలు కొనడం, పోలీసులకు విస్కీ పోయడం, తినమని బతిమాలడం. మనిషి మారలేదు. ఆ శ్రద్ధే మొదటి సగంలో భార్యతనం, రెండో సగంలో సాక్ష్యాన్ని మాయం చేసే పద్ధతి. దుకాణానికి వెళ్లేముందు అద్దం ముందు గొంతు సవరించుకుని మాటలు ప్రాక్టీస్ చేసిన మనిషే, తిరిగొచ్చి శవాన్ని చూశాక నిజంగా ఏడుస్తుంది. అక్కడ నటించాల్సిన పని పడలేదంటాడు రచయిత.

గొర్రె కాలు తెలివైన ఎత్తు, నిజమే. కానీ కథ నిలబడేది ఆ ఎత్తు మీద కాదు. వడ్డించే గుణం లేని ఆడమనిషి చేతికి అదే గొర్రె కాలు ఇస్తే కథ లేదు. అందుకే మా పనికి ఒక నియమం పెట్టుకున్నాం: ముందు ఆమెకో అలవాటు, ఆ తర్వాతే ఆయుధం.

మొత్తం ఇప్పటికి: పట్టీ 1, రాసిన పదాలు 0.

దశ 2: మొదటి చిత్తు, చెడ్డ భర్త

కె.ఆర్.పురంలో మూడో అంతస్తు ఫ్లాటు. సుశీల, ప్రభాకర్. పిల్లల్లేరు. సొంతూరు కడప వైపు. మొదటి చిత్తులో ప్రభాకర్ తాగుతాడు, కొడతాడు, అత్తింటివాళ్లను తిడతాడు. ఆమె రోకలి తీసుకుని కొడుతుంది.

3,400 పదాలు. చదివితే 31 నిమిషాలు. వినేవాళ్లు ఎనిమిదిమందికి తలా ఒక కాగితం ఇచ్చాం. ప్రతి ముక్క చివర చదివేవాళ్లు బల్ల మీద కొడతారు, అప్పుడు మూడు గళ్లలో టిక్కు పెట్టాలి: ఇప్పుడు జాలి ఎవరి మీద, ఎస్సైకి తెలియనిది నాకేమైనా తెలుసా, తర్వాత ఏం జరుగుతుందో ఊహించానా.

హత్య దగ్గర ఇద్దరు చప్పట్లు కొట్టారు. చిత్తు చెడిందని అక్కడే తెలిసింది. కాగితాలు చూస్తే జాలి గడిలో ఎనిమిదిమందీ మొదటి నుంచి చివరిదాకా సుశీల పేరే రాశారు. ఒక్కచోటా చెయ్యి తడబడలేదు. భర్త రాక్షసుడైతే హత్య న్యాయమైపోతుంది. న్యాయం జరిగిందనుకున్నవాళ్లు ఇంకేం వెతకరు, ఎస్సై ఎప్పుడు వెళ్లిపోతాడా అని ఎదురుచూస్తారు.

మార్చింది: తాగుడు తీసేశాం, దెబ్బలు తీసేశాం. ప్రభాకర్‌కు ఒక్క పని మిగిల్చాం. రోజూ రాత్రి భోంచేశాక సుశీల రాసిన ఖర్చుల పద్దు తీసుకుని వరసగా చూస్తాడు. అరవడు. ఒక అంకె మీద వేలు పెట్టి ఆగుతాడు, అంతే.

"ఈ పదకొండు రూపాయలు?"

"శుక్రవారం కదండీ. కట్ట దగ్గర దక్షిణ."

"ఊఁ."

కట్ట అంటే వీధిలో రావిచెట్టు చుట్టూ ఉండే అరుగు. ప్రతి వారం అదే ప్రశ్న, అదే జవాబు. 'ఊఁ' తర్వాత ఏమీ లేకపోవడమే అతని గుణం. రెండో చిత్తులో ఈ సంభాషణ చదివినప్పుడు గదిలో ఒకావిడ పక్కనున్న భర్త వైపు చూశారు. ఆ చూపుతో ఈ ముక్క నిలబడుతుందని నమ్మకం కుదిరింది.

మొత్తం: 2,900 పదాలు, 26 నిమిషాలు.

దశ 3: ఆయుధం బరువు

ఈ దశ ఎవరూ దాటవేయకండి. ఆయుధం బరువు ఎంతో తెలియకపోతే మనిషి ఉద్దేశం ఏమిటో తెలియదు. కింద కిరాణా కొట్టులో ఎలక్ట్రానిక్ కాటా మీద మా ఇళ్లలో ఉన్నవి తూచాం:

1. చెక్క పచ్చడిబండ: 600 గ్రాములు
2. రాతి పచ్చడిబండ: 2 కిలోల 300
3. రుబ్బురోలు పొత్రం: 7 కిలోల పైనే. యుటిలిటీ బాల్కనీలోంచి దించడానికే ఇద్దరు పట్టాల్సి వచ్చింది.

పొత్రం రాయిగా గంభీరంగా ఉంటుంది. కానీ దాన్ని రెండు చేతులా ఎత్తి హాలుదాకా మోసుకొచ్చేలోపు మనిషికి ఆలోచించుకునే టైం దొరుకుతుంది. అప్పుడది పథకం వేసి చేసిన హత్య అవుతుంది. చెక్కబండతో ఒక్క దెబ్బకు మనిషి చస్తాడంటే వినేవాళ్లు నమ్మరు. రాతి పచ్చడిబండ ఒక్కటే సరిపోయింది. ఒక చేత్తో పట్టుకునే వస్తువు, అప్పటికే చేతిలో ఉండాల్సిన వస్తువు. గోంగూర పచ్చడి నూరుతూ ఉంటే భర్త హాల్లోంచి పిలుస్తాడు, ఆమె బండ పెట్టకుండానే వస్తుంది. మేరీ చేతిలోనూ ఆ సమయానికి వంట సామానే ఉంది గదా. పగతో తెచ్చింది కాదు, రాత్రి భోజనానికని తెచ్చింది.

పట్టుకోవడం కూడా పరీక్షించాం. బండ తడిగా ఉంటే చేతిలో జారుతుంది, నూనె చెయ్యి అయితే మరీను. అందుకని కథలో సుశీల పిలుపు విని చెయ్యి కొంగుకు తుడుచుకుంటుంది. ఆ ఒక్క వాక్యం కాటా దగ్గరే దొరికింది.

అతను పిలిచేది ఎందుకు? ఇక్కడ చాలా కాగితం చించాం. డాల్ ఆ చోట భర్త మాటల్ని మనకు వినిపించడు, నాలుగైదు నిమిషాల్లో చెప్పేశాడని రాసి ఊరుకుంటాడు. మేమూ అలాగే వదిలేస్తే వినేవాళ్లు 'ఏం చెప్పాడు?' అని అడిగారు. మా ప్రభాకర్ లెక్కల మనిషి, అతని క్రూరత్వం అంకెల్లోనే కనపడాలి. చివరికి ఇలా కుదిరింది: అతను విడిపోతున్నాడు. ఆమెకు ఎంతివ్వాలో లెక్క వేసుకొచ్చాడు. ల్యాప్‌టాప్ ఆమె వైపు తిప్పుతాడు. ఆఖరి వరసలో తీసివేతలు.

"వారానికి పదకొండు. ఏడాదికి 572. పదేళ్లు. 5,720 తగ్గించాను. సరిచూసుకో."

ఆమె సరిచూసుకుంటుంది. లెక్క సరిగ్గానే ఉంది. అప్పుడు కొడుతుంది.

ఈసారి చప్పట్లు లేవు. జాలి గడిలో ఐదుగురు సుశీల అని రాశారు, ఇద్దరు ఖాళీ వదిలేశారు, ఒకరు 'ఇద్దరి మీదా' అని రాశారు. ఖాళీలే మాకు కావాల్సింది.

మొత్తం: 2,750 పదాలు, 25 నిమిషాలు.

దశ 4: బండ ఎక్కడికి పోతుంది

బెంగళూరులో చాలా వీధుల్లో అశ్వత్థ కట్ట ఉంటుంది. రావిచెట్టు చుట్టూ అరుగు, దాని మీద నాగప్రతిష్ఠ రాళ్లు, వాటి పక్కన ఎవరెవరో వదిలేసిన పాత దేవుడి పటాలు. సుశీల ప్రతి శుక్రవారం అక్కడికే వెళ్తుంది. మన పెళ్లిళ్లలో రోలుకూ రోకలికీ పసుపు పూస్తాం కాబట్టి, పసుపు రాసి కుంకుమ పెట్టిన రాయి ఆ రాళ్ల మధ్య ఎవరికీ వింతగా కనపడదు.

వినేవాళ్ల అభ్యంతరం వెంటనే వచ్చింది: గేటు దగ్గర సీసీ కెమెరా ఉంటుంది గదా! నిజమే, ఈ ఊళ్లో కెమెరా లేని అపార్ట్‌మెంటు అంటే ఎవరూ నమ్మరు. తీసేయడం కన్నా వాడుకోవడమే నయమనిపించింది. కెమెరాలో ఆమె పూలబుట్టతో వెళ్లడం కనపడుతుంది. గత శుక్రవారం రికార్డింగులోనూ కనపడుతుంది, అంతకు ముందుదాంట్లోనూ. ఎస్సై మూడు వారాలవి వెనక్కి తిప్పి చూసి తృప్తిపడతాడు. ఆమెను పట్టివ్వాల్సిన యంత్రం ఆమె అలవాటుకు సాక్ష్యం చెబుతుంది.

దశ 5: పద్దు

కథకు గుండె ఇక్కడే దొరికింది, ఎక్కువ కష్టపడిందీ ఇక్కడే.

సుశీల కట్ట దగ్గర్నుంచి వచ్చి, కేకలు పెట్టి పక్కింటివాళ్లను పిలిచేముందు, వంటింటి గట్టు దగ్గర నిలబడి ఆ రోజు పద్దు రాస్తుంది. ఇలా:

మల్లెలు 30
పసుపు కుంకుమ 20
దక్షిణ 11
పెరుగు 28
పచ్చడిబండ — దేవుడికి
మొత్తం 89

ఆఖరి వస్తువుకు ఎదురుగా అంకె లేదు. ఆమె అబద్ధం రాయదు, రాయడం చేతకాదు. పదేళ్లుగా ఆ పుస్తకంలో రాసింది ఏదీ అబద్ధం కాదు.

ఎనిమిదిమందిలో ఆరుగురు నమ్మలేదు. "శవం హాల్లో ఉంటే ఎవరైనా ఖర్చులు రాస్తారా?" న్యాయమైన ప్రశ్న. ఇక్కడ వివరణ ఇచ్చే వాక్యాలు పెట్టి చూశాం: షాక్‌లో ఉందని, మనసు మొద్దుబారిందని. పెట్టేకొద్దీ ఇంకా నమ్మకం పోయింది. పని చేసింది ఒకటే. ఎక్కడో మొదటి పేజీలో, ఎవరూ పట్టించుకోని చోట, ఈ రెండు వాక్యాలు దించాం:

"నాన్న పోయారని ఫోనొచ్చిన రాత్రి కడప బస్సెక్కింది. టికెట్టు ఎంతయిందో పద్దులో రాసుకున్నాకే ఏడ్చింది."

మళ్లీ చదివినప్పుడు పద్దు దగ్గర ఒక్కరూ ప్రశ్న వేయలేదు. చెప్పాల్సింది సంఘటన దగ్గర చెబితే సాకులా వినపడుతుంది, పది నిమిషాల ముందు చెబితే స్వభావం అవుతుంది.

మొత్తం: 2,800 పదాలు, 25 నిమిషాలు. ఐదు నిమిషాలు ఎక్కువే ఉంది.

దశ 6: లాయరు మేడం వచ్చి సరిదిద్దినవి

మా బ్లాకులో ఒక లాయరు మేడం ఉన్నారు. పోలీసుల భాగం ఆవిడకు చదివి వినిపించాం. ఆవిడ పెన్సిల్ పట్టుకుని సగం కొట్టేశారు. ఆవిడ చెప్పినవి:

1. 2024 జులై 1 నుంచి కొత్త చట్టాలు. హత్యకు పాత ఐపీసీ సెక్షన్ 302 అని రాయకండి, భారతీయ న్యాయ సంహితలో 103.
2. అసహజ మరణం అయితే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 194 కింద ఇరుగుపొరుగు పెద్దమనుషులు ఇద్దరైనా ఉండగా పంచనామా రాయాలి. కర్ణాటకలో దాన్ని మహజర్ అంటారు.
3. సోదా చేసి వస్తువులు స్వాధీనం చేసుకుంటే, అదే సురక్షా సంహిత 105 ప్రకారం అదంతా వీడియో తీయాలి. మామూలు మొబైల్‌తో తీసినా సరే.
4. నేల కడిగినా రక్తం జాడ పట్టుకుంటారు. మీ సుశీల ఇల్లు తుడవకపోవడమే మంచిది.

నాలుగోది వినగానే అర పేజీ పోయింది, మంచిదే అయింది. ఆమె బండ తప్ప ఏదీ కదపదు. రెండోదీ మూడోదీ కథకు వరమిచ్చాయి. అప్పటిదాకా ఎస్సై తనే పద్దు తిరగేసి పక్కన పడేసేవాడు. ఇప్పుడు మహజర్ సాక్షిగా పక్కింటి పిన్నిగారు వచ్చారు. ఎస్సై కన్నడిగుడు. తెలుగు లిపి కన్నడానికి దగ్గర కాబట్టి అక్షరాలు కూడబలుక్కోగలడు, అర్థం తెలియదు. పుస్తకం ఆవిడ చేతికిస్తాడు.

"స్వల్ప ఓది హేళమ్మా." (కాస్త చదివి చెప్పమ్మా.)

కానిస్టేబులు ఫోన్‌లో వీడియో తీస్తుంటే పిన్నిగారు పైకి చదువుతారు. మల్లెలు ముప్పై, పసుపు కుంకుమ ఇరవై, దక్షిణ పదకొండు, పెరుగు ఇరవై ఎనిమిది. పచ్చడిబండ, దేవుడికి. ఎస్సై కళ్లెత్తుతాడు. సుశీల ఏమీ అనదు. పిన్నిగారే సర్దిచెబుతారు: "బీటలిచ్చిన రాయి ఇంట్లో ఉంచుకోకూడదు సార్. కట్టకి ఇచ్చేస్తాం. మంచి అలవాటు." ఎస్సై తలూపుతాడు. స్వాధీనం చేసుకున్న వస్తువుల జాబితాలో రాసుకుంటాడు: పద్దు పుస్తకం ఒకటి. పిన్నిగారు సంతకం పెడతారు.

నేరం ఒప్పుకోలు పోలీసుల సంచీలోనే ఉంది, సాక్షి గొంతులో రికార్డయింది, సంతకం కూడా పడింది. ఇందులో సుశీల ఒక్క అబద్ధమూ ఆడలేదు. పిన్నిగారూ ఆడలేదు, ఆవిడ తనకు తెలిసిన ఆడవాళ్ల పద్ధతి చెప్పారు. మా కథకు గీసిన పట్టీ మీద ఈ ముక్క కింద ఎర్ర చుక్కలు ఐదు పడ్డాయి. మొత్తం కథలో ఇంకెక్కడా రెండుకు మించలేదు.

దశ 7: కోతలు

కోసిన వాటిలో ఒకటి అందరికీ ఇష్టమైంది. వెళ్లేటప్పుడు ఎస్సై కట్ట దగ్గర జీపు ఆపి, బూట్లు విప్పి, పసుపు రాళ్లకు దణ్ణం పెట్టుకునే సీను. చదివిన ప్రతిసారీ నవ్వులు. తీసేయమన్నప్పుడు గొడవ అయింది. నా కారణాలు రెండు. అది డాల్ ఎత్తుకు నకలు, పోలీసులే ఆయుధాన్ని తాకడం. రెండోది ఇంకా ముఖ్యం: ఆ సీను తర్వాత ఎవరిని అడిగినా ఎస్సై గురించే మాట్లాడారు. సుశీలను మరిచిపోయారు. నవ్వు ఎవరి మీద పడితే కథ వాళ్లదైపోతుంది. ఇది సుశీల కథ.

శిక్ష పడాలని పట్టుబట్టిన పెద్దాయన ఒకరున్నారు. ఆయనకు తోడు దొరికింది కూడా. 1958లో డాల్ కథను సినిమా దర్శకుడు హిచ్‌కాక్ టీవీకి తీసినప్పుడు చివర్లో తనే తెర మీదికొచ్చి, ఆమె రెండో భర్తను కూడా అలాగే చంపబోయి దొరికిపోయిందని చెబుతాడు, ఈసారి మాంసం గట్టిపడలేదట. ఆ ముక్కను మేం పెద్దాయనతో కలిసి చర్చించాం. మా కథకు అలాంటి తోక పెట్టలేదు. పుస్తకం పోలీసుల దగ్గరే ఉంది, తెలుగు అర్థమయ్యేవాళ్లు ఎవరైనా ఎప్పుడైనా తెరవొచ్చు. సుశీలకు ఆ భయం చాలని ఆయన ఒప్పుకున్నారు.

మిగతా కోతలు చిన్నవి: ఆఫీసు సీను, అత్తగారి ఫోను, వాన. వాన ఎందుకు పెట్టామో ఎవరికీ గుర్తు లేదు.

మొత్తం: 2,250 పదాలు, 20 నిమిషాల 30 సెకన్లు.

దశ 8: ఆఖరి వాక్యం

పెట్టి తీసేసినవి:

1. సుశీల నవ్వుతుంది. మేరీ కూడా పక్క గదిలో నవ్వుతుంది కాబట్టి ఇది మాది కాదు.
2. సుశీల ఏడుస్తుంది. ఎందుకు ఏడుస్తోందో వినేవాళ్లు తలా ఒక కారణం చెప్పారు. అన్నీ బలహీనంగా ఉన్నాయి.
3. ఖాళీ రోలు మీద వర్ణన. అందంగా ఉంది, సుశీల నోట్లో మాట లేదు.

నిలిచింది ఇది. ఎస్సై పుస్తకాన్ని కవర్‌లో పెడుతుంటే సుశీల అడుగుతుంది:

"సార్, పుస్తకం ఎప్పుడిస్తారు? రేపటి ఖర్చు రాసుకోవాలి."

చదివేవాళ్లు దీన్ని ఎలా పలకాలన్నది పెద్ద సమస్య అయింది. గొంతులో కొంచెం కొంటెతనం చేరినా చెడిపోతుంది, ఆమె మోసగత్తెలా వినపడుతుంది. ఆమె నిజంగానే అడుగుతోంది. ఫోన్‌లో నాలుగు రకాలుగా రికార్డు చేసి విన్నాం. పాలవాణ్ణి బిల్లు అడిగినట్టు పలికిందే ఉంచాం.

దశ 9: రికార్డింగు, మిగిలిన పనులు

ఉగాదికి రాలేనివాళ్ల కోసం ఆడియో కూడా చేస్తున్నాం. ఫోను, దుప్పట్లు కట్టిన గది, ఆడియో ఎడిట్ చేసే ఆడాసిటీ సాఫ్ట్‌వేర్. ఫ్యాన్ ఆపితే చదివేవాళ్లకు చెమట, వేస్తే రొద. ఆపే చదివించాం, ముక్కకూ ముక్కకూ మధ్య వేశాం. పద్దు చదివే చోట అంకెల మధ్య అర సెకను ఖాళీ సరిపోయింది. ఒక సెకను ఇస్తే 'పచ్చడిబండ' దగ్గర వినేవాళ్లకు ముందే గంట మోగించినట్టయింది. ఆ మాట మిగతా వస్తువుల వేగంతోనే వెళ్లిపోవాలి.

ఇంకా మిగిలినవి:

1. ఎస్సై కన్నడ మాటలు ఎదురు ఫ్లాటు కన్నడ ఆవిడకు వినిపించి సరిచేయించడం.
2. 30 సెకన్లు తగ్గించడం. కిరాణా కొట్టు సీనులో రెండు వాక్యాలు పోవచ్చు.
3. పట్టీని ఫోటో తీసి పెట్టడం. పెన్సిల్ గీతలు చెరిగిపోతున్నాయి.

మొత్తం: 2,250 పదాలు, 20 నిమిషాల 30 సెకన్లు, పట్టీ మీద ఎర్ర చుక్కలు 17. అందులో హత్యకు ముందువి 6.